చేపల హారన్

మా మరిది ఎదువీనో లెక్కలో బండి అంటే
నాలుగు తలుపులుండాలి,
బానెట్ ఆంబోతు ఛాతీలా పొంగాలి,
ఏ పక్కనుంచి చూసినా అప్పు కనపడకూడదు.

నాకు కావలసింది
పొద్దున ఎనిమిది క్యాన్లు, సాయంత్రం ఆరు,
ఎప్పుడైనా కాళ్లు కట్టిన ఒక దూడ.
అంతే.
సాన్ జోర్జ్ దీవిలో మా మిట్ట దారి
రెండు నల్లరాతి గోడల మధ్య
బిగుతు జాకెట్టు చేతిలా ఉంటుంది.
మా బూడిదరంగు గుర్రం రుస్సా
ఇరవై రెండేళ్లు దాన్ని కళ్లు మూసుకుని దిగింది.
ఈమధ్య నిజంగానే మూసుకుపోతున్నాయి.
గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు.
తప్పొద్దు. దాని దాణా దానికుంటుంది.
క్యాన్లే ఇక దానివి కావు.

మొదట చూసింది రేవు దగ్గర, ఎర్రది.
పెళ్లిచూపులకి తుడిచినట్టు తుడిచిపెట్టారు.
కింద పడుకుని చాసిస్‌ని గోటితో గీరితే
పెచ్చు ఊడి నా కంట్లో పడింది.
ఉప్పుగాలి ఎవరి పెయింటునూ గౌరవించదు.

రెండోది మంచిదే.
మంచిదే గానీ ట్రాలీ అంచు నా భుజమంత ఎత్తు.
నలభై లీటర్ల క్యాను భుజం దాకా ఎత్తగలిగిన రోజుల్లో
నన్నెవరూ బండి కొనుక్కోమనలేదు.

బెల్మీరోది మూడోది.
ముప్పై ఏళ్లు చేపలమ్మిన తెల్ల బండి,
తెల్ల అన్నది ఒకప్పటి మాట.
తలుపు తీస్తే కానాగంతల కంపు.
ట్రాలీ అంచు
నా మోకాలికి జానెడు పైన.
"ఇంజను ఎలా ఉంది?"
"దానికి నోరు లేదమ్మా,
అందుకే నాతో ఇన్నాళ్లు వేగింది."
చూపు మసకేసిన మనిషి,
మాట్లాడుతున్నంతసేపూ మడ్‌గార్డు మీంచి చెయ్యి తియ్యలేదు.

క్యాన్లనిండా నీళ్లు పోశాను, ఎనిమిదింట్లో.
మూతలు పెట్టలేదు.
ఎదువీనో నవ్వాడు, నవ్వనీ.
మిట్ట ఎక్కాను, రెండో గేరులో దిగాను,
గోడకీ అద్దానికీ మధ్య బెత్తెడు మిగిలింది.
ఆపి వెనక్కెళ్లి చూస్తే
ట్రాలీలో తడి, దూడ నాలుక చాపినంత.
రుస్సా ఇంతకంటే ఎక్కువే ఒలికించేది.
దానితో ఈ మాట అనను.

ధర దగ్గర ఇద్దరం మొండివాళ్లమే.
చీకటి పడ్డాక అతనే రెండు వందల యూరోలు దిగాడు,
ఒక్క షరతు మీద.
హారన్ మార్చకూడదు.
ఎందుకని అడగలేదు.
రెండు వందలు దిగినవాణ్ణి
ప్రశ్నలు వేసి మళ్లీ ఎక్కించకూడదు.

సోమవారం.
ఎదురుగా జలసంధి అవతల
పీకో కొండ మబ్బు టోపీ పెట్టుకుంది,
అంటే మధ్యాహ్నానికి వాన.
చర్చి మలుపు దగ్గర మంచు కమ్మితే
హారన్ కొట్టాను.

గోడల మీంచి, కొట్టాల కిందినుంచి,
చర్చి మెట్ల మీంచి
పిల్లులు.
పదకొండు దాకా లెక్కపెట్టి మానేశాను.
తోకలు నిక్కబొడుచుకుని,
ఆలస్యమైందేమని అడుగుతున్న మొహాలతో.
అందులో సగం
బెల్మీరో కంటిచూపు బాగున్నప్పుడు పుట్టనైనా లేదు.
అమ్మలు నేర్పి ఉంటాయి.

వాటి వెనక
పళ్లెం పట్టుకుని ఒక ముసలావిడ.
"బెల్మీరో, ఇవాళేం దొరికాయి?"
"పాలు," అన్నాను.
పళ్లెం వంక చూసింది, నా వంక చూసింది,
లోపలికెళ్లి గిన్నె తెచ్చుకుంది.

చీజు ఫ్యాక్టరీ కాంటా మీద
ఆ పూట నాలుగు లీటర్లు తక్కువ.
గుమాస్తా జెర్వాజియో
కళ్లద్దాల పైనుంచి బండిని చూశాడు.
"పాతది కదా, ఒలికిస్తోందా?"

"అబ్బే," అన్నాను,
"చుక్క కూడా ఒలకనివ్వదు."