లిఫ్టుకు చిల్లర లేని రోజు

తిబిలిసిలో మా పాత మేడల లిఫ్టు
ఇరవై తెత్రీలు మింగితే గానీ కదలదు.
ఇవాళ జేబులో మరలు తిప్పే చెవి, ఫెల్టు ముక్కలు, సగం రొట్టె.
చిల్లర లేదు.
సంచీ భుజానేసుకుని మెట్లెక్కాను.
మెట్లెక్కడం, మెట్లు శ్రుతి చేయడం,
నలభై ఏళ్ల బతుకంతా ఈ రెండు ముక్కలే.

రెండో అంతస్తులో లామరా టీచరు
పిల్లాడి చేతి వెనక ఒక నాణెం పెడుతుంది.
సరిగమలు పైకీ కిందికీ పరుగెత్తాలి,
నాణెం నిద్రపోతూనే ఉండాలి.
పడిందా, మళ్లీ మొదటికి.
ఆవిడ పియానోలో ప్రతి మెట్టూ ఒకేలా అరిగింది,
బడి గడపలా.
వంక దొరకదు. కాస్త ఈర్ష్యతో
వెతికాను కూడా.

ఆ పైన బద్రీ.
రాత్రంతా మట్టి పొయ్యి గోడకు రొట్టెలు చరిచి
తెల్లారి వచ్చి, చేతులైనా కడక్కుండా కూచుంటాడు.
స్వరాల పేర్లు తెలియవు.
"ఇది తలుపు కిర్రుమన్నది, ఇది మా పిన్ని పిలుపు" అంటాడు.
ఎవరి పెళ్లిలోనో ఒక్కసారి విన్న పాటను
మూడు రోజులు చీకట్లో తడిమి తడిమి
నాలుగో రోజు గడియ దొరికినవాడిలా నవ్వుతాడు.
మధ్యలో పన్నెండు మెట్లు గుంటలు పడ్డాయి.
అంచులవి ఎవరూ కూచోని కుర్చీల్లా మెరుస్తున్నాయి.
వాటి కింద నుంచి గుప్పెడు పిండి తీశాను.
"ఎడమ చెయ్యి ఎప్పుడూ ఒకే మాటంటుందేం?"
"మా ఆవిడకు అదే ఇష్టం."

నాలుగో అంతస్తులో తెక్లే, పదమూడేళ్లది.
ఫోనులో రంగు చుక్కలు వానలా రాలుతుంటే
వేళ్లతో పట్టుకుంటుంది.
లామరా శిష్యులు రెండేళ్లు మోసేదాన్ని
నెలలో ఎత్తేసింది.
ఛార్జింగు అయిపోయిన రోజు మాత్రం
చేతులు ఒళ్లో పెట్టుకుని
బస్సు రాని స్టాపులో కూచున్నట్టు కూచుందట.
అమ్మమ్మ పియానోలో ఒక మెట్టు దిగదు,
చూడమని కబురు పెట్టింది.

"ఏ పద్ధతి మంచిది తాతా?"

నాకు వాయించడం రాదు తల్లీ, అన్నాను.
నిజమే. ఒక్క పాటా రాదు.
ఒకే స్వరానికి కట్టిన మూడు తీగలు
తమలో తాము గొణుక్కోవడం మానేదాకా వినడం,
నా చదువంతా అదే.
మా గురువు అంబ్రోసి, చెవుడొచ్చాక
దవడను కర్రకు ఆనించి వినేవాడు.
నేర్పలేదు. చూశాను.

పలక విప్పి మెట్టు పైకి లేపాను.
అడుగున దుమ్ములో ఒక నాణెం,
ఇప్పుడు లేని దేశానిది, ఐదు కోపెకులు.

"అమ్మమ్మ చేతి మీంచి జారిందా?
కావాలనే తోసేసిందా?"

నాకేం తెలుసు.
ఆ పిల్ల మెట్టు నొక్కింది. పలికింది.
మళ్లీ నొక్కింది. పక్కది. ఆ పక్కది.
ఫోను బల్ల మీద
తనపాటికి తను చుక్కలు కురుస్తూనే ఉంది.

నాణెం నాకే ఇచ్చింది.
దిగేటప్పుడు లిఫ్టులో వేసి చూశాను.
ఉమ్మేసింది.