తిరుగు టపా

నా బల్లమీద ఎవరి పేరూ పూర్తిగా ఉండదు.
ఇంటిపేరుకి ఒక అక్షరం, హాల్ టికెట్టుకి పది అంకెలు.
నోటు ఫైలు కింద మూల,
ఆకుపచ్చ సిరా దిగే చోటికి చాలా దూరంగా
నా పొట్టి సంతకం: లో.హై.
లోలుగు హైమావతి అని నిండుగా రాసుకునేది
ఆర్నెల్లకోసారి, కాంట్రాక్టు పొడిగించమనే అర్జీలో.

ఏడు రోడ్ల కూడలిలో బస్సెక్కి
ఎచ్చెర్ల గేటు దగ్గర దిగేసరికి జుట్టునిండా హైవే దుమ్ము.
తాళం తియ్యగానే చెదల మందు వాసన పలకరిస్తుంది,
ఆనక ఫ్యాను, ఆనక ఫోనులో ఎవరిదో కోపం.
నేను ప్రశ్నలివ్వను. మార్కులు వెయ్యను.
వచ్చినదానికో నంబరు, పోయేదానికో నంబరు.
మధ్యనున్నదంతా "పరిశీలనలో ఉంది".

దానయ్య వచ్చిన పూట వాన.
గనగళ్ల దానయ్య, బుడగట్లపాలెం. నలభైకి దగ్గర.
కూర్చోమంటే కూర్చోలేదు, కుర్చీకి తడి అంటుతుందని.
ప్లాస్టిక్ కవరులో ఇంకో ప్లాస్టిక్ కవరు,
అందులో మడత దగ్గర విరిగిన మార్కుల కాగితం.
"పదమూడేళ్లయినాది తల్లీ. ఒక్క సబ్జెట్టు ఉండిపోనాది.
రీవాల్యేషన్‌కి కట్టీసి ఆ నెల్లోనే వీరావలు బోటెక్కీసినాను.
ఇప్పుడు నడుం ఒప్పుకోట్లేదు.
ఐస్ ఫేక్టరీలో లెక్కలు రాసే పనుంది, డిగ్రీ అడుగుతన్నారు.
మళ్లీ రాయనిస్తారేటి?"

పాత సిలబస్సు. ఆ పేపరే ఇప్పుడు లేదు.
ఆ జవాబు నాకు కంఠతా వచ్చు, నోటిదాకా వచ్చింది కూడా.
అనలేదు. దయ అనుకోకండి,
ఆ పూట కరెంటు లేదు.
కంప్యూటరు వెలిగుంటే
రెండు నిమిషాల్లో "అవ్వదండీ" అనేసి ఉందును.

సెల్లు లైటు పట్టుకుని లోపలి గదిలోకి వెళ్లాను.
పాత టాబ్యులేషన్ రిజిస్టరు
చంటివాణ్ణి ఎత్తుకున్నట్టు చంకనెత్తుకోవాలి.
అతని వరసలో ఎర్రగా సున్న చుట్టిన ఇరవయ్యేడు.
పక్కనే, ఇంకెవరి చేతిరాతో, నీలంలో:
రీవాల్యుయేషన్. నలభై ఒకటి. పాస్.

కవరెక్కడుంటుందో అప్పుడే తెలిసిపోయింది.
చెమ్మ గోడ వైపు బీరువా, అడుగు అర.
నాకు ముందు ఈ సీట్లో ఉన్న సింహాద్రప్పడు గారు
ఏదీ పారేసేవారు కాదు,
ఏదీ వెతికేవారూ కాదు.
మోకాళ్లమీద కూర్చుని తీస్తే నలభయ్యో కట్టలో దొరికింది.
మీద పోస్టుమాన్ రాత:
ఇల్లు సముద్రంలో పోయినది. తిరుగు టపా.

చింపలేదతను. అరచేతిలో పెట్టుకుని
చేపని తూచినట్టు తూచాడు.
"అయితే నాను పాసేనా?"
"పాసేనండి."
"అప్పుడే?"
"అప్పుడే."
నవ్వుతాడనుకున్నాను. కేకలేస్తాడనుకున్నాను, కాసుకుని నిలబడ్డాను.
కేలండరు వైపు చూస్తూ వేళ్లమీద ఏవో ఏళ్లు లెక్కపెట్టి
సగంలో ఆపేశాడు.
"మా ఆడమనిషి దగ్గర ఇన్నేళ్లూ ఫెయిలోణ్ణనే ఒప్పీసుకున్నాను" అన్నాడు.
రిజిస్టరులో సంతకం పెట్టమంటే
పేరంతా రాశాడు, గడి దాటి, పక్క గడి కూడా దాటి.
ఆ వరసలో ఇంకెవరికీ చోటు లేదు.

నాలుగో రోజు నాకు మెమో వచ్చింది.
ఎవరి అనుమతితో తిరుగు టపా అందజేసితిరి, సంజాయిషీ ఇవ్వవలెను.
పేరు హేమావతి అని పడింది.
దిద్దమని అర్జీ పెట్టలేదు,
పేరు దిద్దడానికి ఇక్కడెన్నాళ్లు పడుతుందో
నాకన్నా ఎవరికి తెలుసు.

భోజనం బెల్లు తరవాత
అడుగు అర లోంచి రోజుకొకటి తీస్తున్నాను.
నిన్నటి కవరు ఆమదాలవలస.
చెమ్మకి పేరు నీలంగా పాకిపోయింది.
తలుపు నంబరు కనిపిస్తోంది.
ఆదివారం అటు పోయే పని ఒకటి ఉన్నట్టు
ఇంట్లో చెప్పాను.