హారన్ లేని ఆట

క్యాసెట్ మీద తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలని రాసుంది.
లెక్కపెడితే ఏడు.
ఎనిమిదోది మళ్ళీ మొదటిదే,
ఆకాశం మాత్రం గులాబీ రంగు.
బర్మా బజార్‌లో నైనా బేరమాడి తెచ్చిన సంబరం అది.
పెరంబూరులో, మేడమీది ఒంటిగదిలో,
డయనోరా టీవీ వెనక దూర్చిన రెండు తీగలు.

రెండో కంట్రోలర్‌కి స్టార్ట్ బటన్ ఉండదు.
అది నాది.
మొదలుపెట్టడం, ఆపడం కోమలక్క చేతిలో,
కాల్చడం, చావడం నా చేతిలో.
ఇటుకల మధ్య ఉన్న గద్దని ఇద్దరం కలిసి కాపాడాలి.
అక్క మీద కోపమొచ్చినప్పుడల్లా
ట్యాంకు తిప్పి మా గద్దనే కాల్చేదాన్ని.
గేమ్ ఓవర్ అక్షరాలు కిందినుంచి పైకి పాకుతుంటే
నా జడ అక్క పిడికిట్లో ఉండేది.

సేవ్ అన్న మాట
అమ్మ పోస్టాఫీసు పుస్తకం దాకానే తెలుసు మాకు.
పదిహేడో మెట్టులో కరెంటు పోతే
పదిహేడూ పోయినట్టే.
వీధి వీధంతా ఒక్కసారే మూలిగేది,
మా మూలుగుకి కారణం వేరు.
అడాప్టర్ కాలిపోయేది.
దాని మీద అమ్మ మా స్కూలు రిబ్బన్లు ఆరేసేది.

నైనాకి నచ్చింది ఒక్కటే, రోడ్డు ఆట.
ఇరవైతొమ్మిది సి నడిపొచ్చి
ఖాకీ చొక్కా విప్పకుండానే కూర్చునేవాడు.
ఎర్ర కారు. కొబ్బరిచెట్లు.
ఎంత పోయినా దగ్గరికి రాని కొండ.
ఎడమ పక్కనే పోతాడు, మలుపులో నెమ్మది,
వెనకొచ్చేవాళ్ళకి దారి.
టైమైపోయి ఆట ఆగిపోతే
"ఏం కొంప మునిగిందిరా వీళ్ళకి" అనేవాడు.
తొక్కు నైనా, తొక్కు, అని మేం గొంతు చించుకుంటే
"ఉండండే, దిగేవాళ్ళుంటారు."
ప్రతిసారీ, బటన్లన్నీ నొక్కి చూసి, ఒకే ప్రశ్న:
"ఇందులో హారన్ ఏది?"

ఆ ఏడు అక్టోబర్ వానల్లో
ఓట్టేరి వంతెన దిగేచోట ఒక సైకిలు జారింది.
తప్పు నైనాది కాదని డిపోలో రాశారు.
రాసేదాకా నలభై రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు.
ఆ పిల్లవాడి పేరు మాకెవరికీ చెప్పలేదు.

ఒక రాత్రి దాహమేసి లేచాను.
టీవీకి శబ్దం తీసేసి ఉంది.
గోడ నీలంగా, ఎర్రగా, మళ్ళీ నీలంగా.
నైనా
కారుని తీసుకెళ్ళి లారీకి కొడుతున్నాడు.
పొగ, ముక్కలు.
మూడుసార్లు మిణుకుమని
కారు మళ్ళీ రోడ్డు మధ్యలో, ఒంటి మీద గీతైనా లేకుండా.
మళ్ళీ కొట్టాడు.
మళ్ళీ మిణుకు, మళ్ళీ నిండుగా.
ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు,
ఇరవయ్యో ఎక్కం దాకా వచ్చిన పిల్లని.
నీళ్ళు తాగకుండానే వెళ్ళి పడుకున్నాను.

నలభై ఒకటో రోజు డ్యూటీకి వెళ్ళాడు.
ఇంకెప్పుడూ ఆ ఆట ముట్టలేదు,
మేం పెడితే లేచి మెట్ల మీదికి పోయేవాడు.
ఏడు ఆటలు మా ఇంట్లో ఆరయ్యాయి.

ఇప్పుడు పెరుంగుడిలో నా పని
ఇంకా బయటికి రాని ఆటల్లో తప్పులు పట్టడం.
గోడలోంచి దూరిపోయే మనిషి,
నీళ్ళ మీద నిలబడ్డ గేదె,
నీడ పడని దీపస్తంభం.
కంట్రోలర్లు రెండిటికీ స్టార్ట్ ఉంది.
ఎక్కడ లేచిపోతే అక్కడే మనల్ని దాచిపెడుతుంది ఆట.
అక్క అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతుంది,
"గద్ద బతికే ఉందా ఇవాళ?"

నిన్న కొత్త రేసు ఒకటి వచ్చింది.
అద్దం మీద వాన, అచ్చం వానే.
వంతెన దిగే మలుపులో నా బండి నెమ్మదించింది.
పక్కనుంచి అందరూ దూసుకుపోయారు.
ఇళంగో భుజం మీంచి తొంగిచూసి
హ్యాంగ్ అయిందా అన్నాడు.
లేదన్నాను.

తప్పుల పట్టికలో, ఖాళీ గడిలో రాశాను:
ఈ ఆటలో హారన్ లేదు.
తీవ్రత ఎంత అని అడిగింది.
తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా.
ఏది నొక్కాలో తెలియలేదు.
కర్సర్
మిణుకుమంటూనే ఉంది.