మూడో తీగ

రూఫో,
నీ సినిమా మీద నేను రాసింది అచ్చయిన పొద్దున
సందు చివరి కొట్టులో బేరింగ్ అక్క
నాకు గుడ్లు అమ్మలేదు.
అయిపోయాయంది.
ఆమె భుజం వెనక మూడు అట్టలు కనబడుతూనే ఉన్నాయి.

జీప్నీలో చిల్లర అందించిన కుర్రాడు
నా చెయ్యి తగలకుండా నాణేలు వదిలాడు.
నేనెవరో వాడికేం తెలుసు,
నాకే అలా అనిపించి ఉంటుంది.

సెబూలో మొదటి ఆట నాడు
పేర్లు పడకముందే హాలంతా లేచి నిలబడింది.
ఎక్కడో చలిదేశంలో ఏడు నిమిషాలు చప్పట్లు కొట్టారని
ఇక్కడ మనం ఎనిమిది కొట్టాం.
నేనూ కొట్టాను. అరచేతులు మండాయి.
తెర మీద ఇంకా ఏమీ లేదు.

తర్వాత బొమ్మ పడింది.

నీ జాలరి గోళ్ళు అంత శుభ్రంగా ఎందుకున్నాయి?
ఆ ముసలమ్మ నోట ఒక్క తిట్టయినా రాదేం?
మా అమ్మమ్మ జపమాల తిప్పుతూనే పందిని తిట్టి
వదిలిన పూసని మళ్ళీ దొరకబుచ్చుకునేది.
గంటా నలభై నిమిషాలూ మన సముద్రం
పోస్టుకార్డులా నీలంగానే ఉంది.
తుఫాను ముందురోజు అది
బియ్యం కడిగిన నీళ్ళ రంగుకు తిరుగుతుందని
తలీసాయ్ ఒడ్డున పుట్టిన నీకు నేను చెప్పాలా?
ఎవరి కంట పడకుండా దాచావు?

ఇదే రాశాను.
"బుట్టలో పీతలం, పైకెక్కేవాణ్ణి లాగేస్తాం" అన్నారు.
బుట్ట అల్లిందెవరని ఒక్కరూ అడగలేదు.

మా నాన్న గిటార్లు చేసేవాడు,
మక్తాన్ దీవిలో, రోడ్డు పక్క రేకుల షెడ్డులో.
యాత్రికులు వచ్చి పనసచెక్క వీపు నిమిరి
"ఇక్కడే చేశారా! ఎంత బాగుందో!" అనేవారు,
మీటకుండానే.
నాన్న మొహం చిన్నబోయేది.
గిటారు అమ్ముడయ్యాక కూడా.
బస్సు కండక్టరు పోన్సియానో మాత్రం
ఆదివారం ఆదివారం వచ్చి, తల వంచి వాయించి
"మూడో తీగ దగ్గర చచ్చింది, నోయ్" అని తిరిగిచ్చేవాడు.
అప్పుడు చూడాలి నాన్నని!
తెల్లవార్లూ లోపలి బద్దని గీకుతూనే ఉండేవాడు.
ఆ గీకుడుకి మాకెవరికీ నిద్రుండేది కాదు.
పోన్సియానో ఒక్క గిటారూ కొనలేదు, డబ్బులేవీ?
నాన్న పోయాక ప్రార్థనల తొమ్మిది రాత్రులూ
చివరి బల్ల మీద కూర్చున్నది ఆయనే.

"మనది కదా" అనే మాటలో
ఒక "పాపం" నక్కి ఉంటుంది రూఫో.
చెవి ఆనించి విను.
పరుగు పందెంలో చివరొచ్చిన పిల్లాడికిచ్చే
బిస్కెట్టు కాగితం చప్పుడు.

కాకిపిల్ల కాకికి ముద్దే.
ఆ కాకే ఒకనాడు దాన్ని గూటి అంచుకు నెడుతుంది.
ఈ రెండో ముక్క సామెతలో కలపడం మరిచారు.

నిన్న రాత్రి నా రాత మళ్ళీ చదువుకున్నాను.
నాలుగో పేరాలో ఒక నవ్వుంది.
నీ సినిమా కోసం కాదది,
నన్ను చూడండి అని.
ఏ పరాయి పత్రిక నుంచో అరువు తెచ్చుకున్న పెదవి విరుపు.
చలిదేశం చప్పట్లు నీకు,
దాని వెక్కిరింపు నాకు,
ఇద్దరం ఒకే అంగట్లో కొన్నాం.
ఆ వాక్యం కొట్టేశాను,
అచ్చయ్యాక కొట్టేస్తే ఏం లాభం, అయినా.
మిగతాది కొట్టెయ్యను.

ఒకటి రాయలేదు.
చోటు చాలక కాదు, నేను మెత్తబడతానేమోనని.
కరెంటు బిల్లు గుర్తొచ్చి ఆ తల్లి దీపం ఆర్పుతుంది చూడు,
పిల్లాడింకా చదువుతుండగానే,
నువ్వు వెంటనే కోయలేదు.
నాలుగు సెకన్లు చీకటి ఉంచావు.
చీకట్లో పేజీ తిప్పిన చప్పుడు.
హాల్లో ఎవరికీ జెండా గుర్తు రాలేదు.
నా పక్క పెద్దాయన గొంతు సవరించుకున్నాడు, అంతే.
పోన్సియానో ఉంటే
గిటారు ఇంకాసేపు ఒళ్ళోనే ఉంచుకునేవాడు.

ఇవాళ బేరింగ్ అక్క ఆరు గుడ్లిచ్చింది.
ఒకటి చిట్లింది. చెప్పాను.
గొణుక్కుంటూనే
వెలుతురుకు పట్టి చూసి
ఇంకోటి ఇచ్చింది.