డెబ్బై నాలుగు

పెంచలమ్మ మూట విప్పి
రెండు బొగ్గులు ఒకదానికొకటి తాటించింది.
గాజులా మోగింది.
"దబ్బుమంటే కట్టె, టింగుమంటే బొగ్గు.
చిల్లకంపది. పొగ రాదు, చిటపటలాడదు."

సుభానీ వెల్డింగ్ షాపులో
నిలువునా కోయించిన ఆయిల్ డ్రమ్ము.
నాలుగు కాళ్లలో ఒకటి పొట్టి,
ఇటుక ముక్క పెట్టాను.

కావలిలో మా డాబా మీద సముద్రపు గాలి.
పోయిన నెల కోడికాలు పైన నలుపు,
ఎముక దగ్గర ఎరుపు;
పిల్లాడికి మూడు సెలైన్లు ఎక్కాయి.
అందుకే కొన్నాను ఈ సూది థర్మామీటరు.
"కోడికి జొరమా?" అంది మా ఆవిడ.

నిప్పుల మీద తెల్లబూడిద కమ్మింది.
"అరచెయ్యి పెట్టి చెప్పు పెంచలమ్మా, సెగ చాలునా?"
పాత చేతులకు మరలెందుకని నా నమ్మకం.
"ఈ చేతికి సెగ తెలిసి ఎన్నేళ్లయిందో సామీ,
బట్టీలో మన్ను తీసీ తీసీ.
ఆ సూది ఇట్టా ఇయ్యి."

గుచ్చింది, ఎముకకు తగలకుండా.
అరవై ఒకటి.
అరవై ఎనిమిది.
కొవ్వు చుక్క పడి మంట లేచింది, మూతేశాను.
ఇద్దరం ఊపిరి బిగబట్టి
డెబ్బై నాలుగు.

తుడిచి ఇవ్వబోయి, ఆగి,
సూదిని పిడికిట్లో పట్టుకుంది.
అంకెలు దిగి దిగి
ముప్పై ఐదు దగ్గర నిలిచాయి.
"నేనింకా పచ్చిగానే ఉండానే!"

మూట నాలుగొందల యాభై.
యాభైకి చిల్లర లేదన్నాను.
రెండో కాలు చూపించింది.