పోగుల లెక్క

నలభై రెండు ప్రశ్నల ఫారాలు సంకల పెట్టుకొని
కోయిల్‌కొండల బస్సు దిగి, ఆటో ఎక్కి ఆ ఊరికి పోయిన.
కొత్త అట్ట, రెండు పెన్నులు, సగం నీళ్ల సీసా.
రాజకీయమంటే నాకప్పుడు
బడి గదిల మొదలై
బ్యాలెట్ డబ్బ మూత కాడ అయిపోయేది.

సర్పంచి ఎలక్షన్ల లెక్క నా తాన ఉన్నది:
పోలైనవి ఆరొందల నాలుగు.
గెలిచినాయనకు నాలుగొందల డెబ్బై.
ఎందుకట్ల అని అడగవచ్చిన.

పదిహేడో ప్రశ్న.
ఓటు వేసేముందు ఎవరి సలహా తీసుకుంటారు?
సొంతంగా. భర్త. కుల పెద్ద. ఇతరులు.
అందరు సొంతంగనే అన్నరు.
ఈదమ్మ గూడ అన్నది,
కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వుకుంట.
ఆ నవ్వుకు నా ఫారంల గడి లేదు.

ఆదివారం పొద్దున బడి ఎనుక
బీరప్ప యాటను కోసి
మోదుగాకుల మీద పోగులు పెడుతుండు.
తక్కెడ లేదు. కన్నే తక్కెడ.
మెత్తటిది, బొక్క, బోటి, ఇంత కార్జం,
ఒక పోగుల ముక్క తీసి ఇంకో పోగుల ఏస్తడు,
మళ్ల ఎనుకకు జరిగి చూస్తడు.

"ఇవి ఎవలెవలియి?"
"గీ ఏడు మేస్త్రి గుంపోళ్లయి."
ఏడిండ్లు, ఒక్క అడ్వాన్సు.
దసరాకు ముందుగాల ఆశన్న మేస్త్రి
జంటకింత అని పైసలు లెక్కపెడితే
పిల్లలు, పెంకలు, పారలు లారీ ఎక్కి
పుణె దిక్కు కాలువ పనికి పోతరు.
ఓట్ల ముందటి రాత్రి ఆయన ఫోన్ కొట్టిండు,
తెల్లారేవరకు రెండు బస్సులు బడి ముంగట ఆగినయి.
నా పుస్తకంల దీని పేరు
పెరిగిన పోలింగ్ శాతం.

"అంచుకు పెట్టిన మూడు?"
"ఆ వాడోళ్లయి. ఆకుల కట్టి పంపుతం.
వాళ్లు ఈడికి రారు."
"ఎందుకు రారు?"
బీరప్ప కత్తి తుడిచిండు.
"రారు."
"మరి తండోళ్లయి?"
"వాళ్ల పంచాయితి వాళ్లకైంది,
వాళ్ల యాట వాళ్లే కోసుకుంటుండ్రు."

ఈ ముచ్చటంత రాసుకుంటుంటే
ఆయన తలెత్తి, మెల్లగ, మర్యాదగనే, అడిగిండు:
"ఇంతకు మీదే పోగు మేడం?"

నీళ్ల సీసా మూత తిప్పిన.
తాగిన. మళ్ల తిప్పిన.
ఇన్ని దినాలు ప్రశ్నలు
నా చేతిలోంచి వాళ్ల దిక్కే పోతున్నయనుకున్న.

ఒక్క పోగు మిగిలింది. ఈగలు ముసురుతున్నయి.
"ఎంకటయ్యది. సర్పంచికి నిలబడి ఓడిండు.
ఇంట్ల తొమ్మిది ఓట్లు, వచ్చినయి పదకొండు.
ఆ రెండు ఎవలియో ఊరు ఇంకా దేవులాడుతున్నది."
జర ఆగి అన్నడు:
"మంచోడే. పోయిన ఎండకాలం
మట్టిపెళ్ల కింద పడి సచ్చిన మనిషిని
పుణె కాడికెల్లి తన జీపుల ఏసుకొని తెచ్చిండు.
ఊరంత ఏడ్చింది. కని ఏడుపు వేరు, ఓటు వేరు."

అప్పుడొచ్చింది ఈదమ్మ.
మొగడు పోయిండు, ఆయన పేరు మీది అడ్వాన్సు పోలేదు.
మేస్త్రి గుంపు పోగు ఆకుల చుట్టుకున్నది,
ఇంత కార్జం ముక్క తుంచి
ఎంకటయ్య పోగుల ఏసింది.
బీరప్ప కన్ను చూసింది. నోరు ఊకున్నది.

నా పక్కపొంటి పోకుంట అన్నది:
"గుంపుల వస్తిమి, గుంపుల నిలబడితిమి బిడ్డా.
అట్ట చాటుకు ఒక్కదాన్నే పోతి."

ఫారం తీసిన.
పదిహేడో ప్రశ్న ముంగట
పెన్ను కొసకు సిరా గడ్డ కట్టేదాక కూసున్న.
మేస్త్రి పేరు రాసిన, అడ్వాన్సు రాసిన,
రాని వాడ గురించి పేజీన్నర రాసిన.

ఆ రెండు ఓట్లల్ల ఒకటి ఎవలిదో నాకెరుక.
నా థీసిస్‌కు ఎరుక లేదు.