అడ్డగీత

కట్టంగూరు దాటినంక
డివైడర్ తెగిన చోట
నీలం పరదా కట్టిన గుడారంల
ఏడు పగళ్లు, ఏడు రాత్రులు
రోడ్డును లెక్కబెట్టిన.

రోజుకు ఆరువందలు. చాయ్ కంపెనీదే.
పరీక్ష ఫీజుకు ఇంకో దారి దొరకలే.

నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం.
కారుకో గీత, లారీకో గీత.
హైదరాబాదు దిక్కు పోయేవి నావి,
బెజవాడ దిక్కువి ఎదురుంగ కూసున్న సైదులువి.

నర్సిరెడ్డి సారు మొదటి పొద్దే చెప్పిండు:
కారు ఒకటి. బస్సు మూడు.
సైకిలు అర.
ఎడ్లబండి ఎనిమిది.
ఎనిమిదా? అని నవ్విన.
"మెల్లగ పోయేది ఎక్కువ జాగ తింటది" అన్నడు,
నవ్వకుండ.
ఏడు రోజుల్ల ఒక్క ఎడ్లబండీ రాలే.
ఆ గడి అట్లనే ఉన్నది,
విత్తు పడని సాలు లెక్క.

రాత్రి రెండింటికి రోడ్డు గొంతు మారుతది.
సిమెంటు ట్యాంకర్లు,
మంచునీళ్లు కార్చుకుంట చేపల లారీలు,
స్లీపర్ బస్సుల పరదాల ఎనుక
కాళ్లు ముడుసుకొని పండుకున్న మనుషులు.
వాళ్లను లెక్కబెట్టేది లేదు. బస్సు, మూడు. అంతే.
నిద్ర ఆపుకునేందుకు బత్తాయి తొక్క కండ్లకాడ పిండుకున్న.
కండ్లు మండినయి,
గీతలు వంకరపోయినయి.

బక్కమ్మ రోజుకు నాలుగుసార్లు దాటుతది.
ఇల్లు ఈ పక్క, బోరు ఆ పక్క.
రెండు లైన్లప్పుడు ఒక్క ఉరుకే ఉరికేదట.
నాలుగు లైన్లయినంక
నడుమ ఆగుడు నేర్చుకున్నది.
గన్నేరు చెట్ల సందున
కొంగు పండ్లకింద కరుసుకొని
లారీ గాలికి ఊగుకుంట నిలబడ్తది.
నా కాయితంల ఆమెకు గడి లేదు.

మూడో రోజు వచ్చి పక్కన కూలబడ్డది.
"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"
బండ్లు.
"ఎందుకు?"
ఏడాదికేడాది ఇట్ల పెరిగితే
ఇరవై ఐదేండ్లకు ఎన్నొస్తయో లెక్కగట్టి
ఆరు లైన్లు చేస్తరు అవ్వా.
"ఇంక పుట్టని బండ్లకు ఇప్పుడే జాగ చూస్తున్నరా!"
మెచ్చుకున్నట్టే అన్నది.
"మా కోడలు నీళ్లాడే దాక మేము తొట్టె సుత కొనలే,
ముందుగాల కొంటే మంచిది కాదని."
నా పెన్ను తీసుకొని
అటు తిప్పి ఇటు తిప్పి చూసి
ఇచ్చేసి పోయింది.

రోడ్డును తిట్టబుద్ది కాదు నాకు.
ఐదో రోజు పొద్దుగూకంగ
రెండు లారీలు పందెం కట్టినట్టు పక్కపక్కన పోతున్నయి,
ఎనుక అంబులెన్సు
దారి అడుక్కుంట, అడుక్కుంట.
ఆ నిమిషం నాకు గూడ ఆరు లైన్లు కావాలె అనిపించింది,
ఎనిమిదైనా సరే అనిపించింది.
కారు గడిల గీత గీసిన. ఒకటి.

ఆఖరి రాత్రి సారు మొత్తం కూడుతున్నడు,
సెల్లు లైటు చెవికీ భుజానికీ నడుమ ఇరికించుకొని.
నూటికి ఐదు చొప్పున పెంచుకుంట పోతున్నడు.
సార్, డివైడర్ల ఈ సందు ఉంటదా?
"మూసేస్తరు. కింది నుంచి దారి వస్తది, కిలోమీటరున్నర అవుతల."
మరి బక్కమ్మకు?
"బక్కమ్మ ఎవలు?"

కాయితాలు సదురుతుంటే అప్పుడు కనబడ్డది:
పేజీ నిండ నాలుగు నిలువు గీతలు,
ప్రతి నాలుగింటి మీదికెళ్లి
ఎవరో ఒకరు ఏటవాలుగ
ఆ ఒడ్డుకు దాటుకుంటున్నరు.

తెల్లారింది. బక్కమ్మ పాల క్యాను పట్టుకొని
నడుమ దాక వచ్చి ఆగింది.
"ఇతరములు" అన్న గడిల
ఒక గీత పెట్టిన.

"దీనికి ఎంతెయ్యాలె?" అడిగిండు సారు.
మెల్లగ పోయేది సార్, అన్న.
మీరే చెప్పిన్రు గద.

ఆయన పెన్ను మూత తీసిండు,
పెట్టిండు,
మళ్ల తీసిండు.